ట్రాక్టరెక్కిన గుంత

బుడమకాయలపాలెం వాళ్ళ లెక్కలో తెలివంటే తమదే తెలివి. పక్క ఊరి సలహా వింటే ఆ తెలివి పలచబడిపోతుందని పంచాయతీలో తీర్మానం కూడా చేసుకున్నారు. నవ్వకండి, చప్పట్లు కొట్టి మరీ చేశారు.

ఆ ఊరికి లేనిదల్లా మంచి రోడ్డు. ఉన్నదాని నిండా గుంతలే. ఆటోవాళ్ళు పొలిమేరలోనే దింపేసి దణ్ణం పెట్టి పోతారు. రోడ్డు వేయిస్తానని ఒట్టేసి సర్పంచి అయిన నూకరత్నానికి అదే దిగులు. ఈసారీ రోడ్డు రాకపోతే ఆవిడ ఊళ్ళో తలెత్తుకోలేదు.

చివరికి పట్నం నుంచి రోడ్ల ఇంజినీరమ్మ ఫోను చేసింది. "రేపు రోడ్డు చూడ్డానికొస్తున్నా. దారి కాస్త శుభ్రంగా ఉంచండి. నాకోసం ఎవరూ పని మానుకోవద్దు."

ఇంకేముంది! "చుట్టమొస్తే చిరుగు దుప్పటి బయటపెడతామేంటి?" అన్నాడు వార్డు మెంబరు పైడయ్య. అంతే, గుంతలన్నిటినీ ఊకతో నింపి, పైన చాపలు పరిచేశారు.

మర్నాడు జీపు వచ్చింది. దండ వెయ్యాల్సిన పైడయ్య రోజూ ఆ వేళకి అరుగు మీద కునుకు తీస్తాడు. పని మానుకోవద్దన్నారు కదా! దండ గుండెల మీద పెట్టుకుని గురక పెడుతున్నాడు.

ఇంజినీరమ్మ గతుక్కుమంది. "అయ్యో పాపం, ఎప్పుడు పోయాడు?"

"పోలేదండీ, పనిలో ఉన్నాడు," అంది నూకరత్నం.

ఇంజినీరమ్మ ఆ పెద్దమనిషిని వదిలేసి రోడ్డు కేసి చూసింది. "బాగానే ఉందే! ఇంక కొత్త రోడ్డెందుకు?"

"గుంతలున్నాయండీ బాబూ!"

"ఏవీ?"

"తమరికి కనపడకుండా దాచామండీ!"

"అయితే తీసి చూపించండి."

"అమ్మో! తీస్తే శుభ్రం పోదాండీ?"

ఇంజినీరమ్మకి ఒళ్ళు మండింది. "గుంతలుంటే ఆఫీసుకి తెచ్చి చూపించండి! లేదా ఈ రోడ్డు పక్క ఊరికి ఇచ్చేస్తా," అని జీపెక్కి వెళ్ళిపోయింది.

నూకరత్నానికి ఏడుపొచ్చింది. పైడయ్య లేచి ధైర్యం చెప్పాడు. "తెమ్మంది కదక్కా, తీసుకెళ్దాం. అన్నిట్లోకీ పెద్దది కొండలమ్మ గుమ్మం ముందుంది."

"నా గుంత నేనివ్వను! నా బాతులెక్కడ ఈదుతాయి?" అని కొండలమ్మ అడ్డం పడింది. చూపించి తిరిగి తెచ్చేస్తామని ఒట్టేస్తే గానీ ఊరుకోలేదు.

చాప లాగేసి, ఊక ఎత్తిపోసి, గుంత విరిగిపోకుండా చుట్టూ తవ్వారు. ఊడి రాలేదు. అడుగున తవ్వారు. అయినా రాలేదు. అలా తవ్వి తవ్వి, వచ్చిన మట్టంతా ట్రాక్టరులోకెత్తి, గుంతకి ఎండ తగలకుండా పైన టార్పాలిన్ కప్పి, పట్నం తీసుకెళ్ళి ఆఫీసు ముందు గుమ్మరించారు.

ఇంజినీరమ్మ బయటికొచ్చి చూసింది. "ఇదేంటి, మట్టి! గుంతేదీ?"

అందరూ మట్టిని కెలికారు. ట్రాక్టరు కిందా చూశారు. నూకరత్నం టార్పాలిన్ కూడా దులిపి చూసింది.

"దారిలో ఎక్కడో పడిపోయుంటుంది! పదండి, ఎవరైనా ఎత్తుకుపోతారు!" అన్నాడు పైడయ్య.

అంతే, వెతుక్కుంటూ వెనక్కి బయల్దేరారు. ఇంజినీరమ్మ కూడా కుతూహలం ఆపుకోలేక జీపులో వెంటపడింది. కొండలమ్మ గుమ్మం దాకా వచ్చేసరికి ట్రాక్టరు ముందు చక్రాలు రెండూ ధబేల్న గోతిలో దిగబడిపోయాయి.

"దొరికింది! దొరికింది!" అని నూకరత్నం గంతులేసింది.

పైడయ్య మాత్రం గోతి అంచున కూలబడి, దాన్ని ఆప్యాయంగా నిమిరాడు. "అయ్యో తల్లీ, ట్రాక్టరు మీంచి పడ్డ దెబ్బకి ఎంత వాచిపోయావే! కొండలమ్మా, చూస్తావేం? గబగబా పసుపు కాచి పట్రా!"