రెండు ఊళ్ల టైమ్స్

గుమ్మలూరులో ‘టైమ్స్’ పత్రిక నడిపే కోదండపాణిగారికి ఒక పిచ్చి ఉండేది. ఎవరు ఏ దేశం వెళ్తున్నా, అక్కడ ‘టైమ్స్’ అనే పేరుతో పత్రిక ఉంటే ఒకటి పట్టుకురమ్మని ప్రాణం తీసేవారు. లండనుదీ, న్యూయార్కుదీ, నోరు తిరగని ఊళ్లవీ ఆఫీసు గోడ నిండా అంటించి ఉండేవి.

ఆయన దగ్గర పని నేర్చి, ఇప్పుడు పత్రిక పనంతా చూసుకుంటున్న భ్రమరాంబకు ఈమధ్య ఆ గోడ చూస్తే ఒళ్లు మండిపోతోంది. పక్కనున్న పెదకొండలో ఎవరో కొత్తగా పత్రిక పెట్టి దానికీ ‘టైమ్స్’ అనే తగిలించారు, ఊరి పేరేమో కింద చీమ తలకాయంత అక్షరాల్లో. ఇన్నేళ్లు తిండీ నిద్రా మాని నిలబెట్టిన పత్రిక చేజారిపోతుందేమోనని ఆమెకు దిగులు పట్టుకుంది. పేరు మార్చుకోమని వాళ్లకు వకీలు చేత నోటీసు రాయించి, సంచిలో పెట్టుకుని మరీ కోదండపాణిగారి దగ్గరికి వచ్చింది.

“మాస్టారూ, పేరు ఒకటే అయ్యాక మనదేదో వాళ్లదేదో జనం ఎలా పోల్చుకుంటారండీ?”

మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పిన పాపాన పోలేదాయన.

జవాబు మర్నాడు బస్సెక్కి వచ్చింది. రెండు పత్రికలూ కాకినాడలో ఒకే ప్రెస్సులో అచ్చయి, ఒకే బస్సులో వస్తాయి. ఆవేళ క్లీనరు పైనున్న పెద్దక్షరాలు చూసి పెదకొండ కట్టను గుమ్మలూరులో దించేశాడు. ఏజెంట్లు కూడా చూసుకోకుండా ఇంటింటికీ వేసేశారు.

ఇంకేముంది, పొద్దెక్కేసరికి ఆఫీసు ముందు తిరనాళ్లే! జిల్లా కప్పు గెలిచిన కబడ్డీ పిల్లల ఫోటో ఆవేళ రావాలి. జట్టు కెప్టెన్ తల్లి అప్పలకొండ పేపరు గాల్లో ఊపుతూ దూసుకొచ్చింది.

“మా పిల్ల ఫోటో ఏదమ్మా? ఇదెవరి పేపరు? నా పేపరు నాకియ్యి!”

మా వీధికి కుళాయి ఎప్పుడొదుల్తారో లేదేమని ఒకరు, మా నాన్న పెద్దకర్మ ప్రకటన ఏదని ఇంకొకరు. తిట్లు తింటూనే భ్రమరాంబ నవ్వు ఆపుకోలేకపోయింది. నా పేపరు అంటోంది! సంతోషంతో ఆమెకు కాలు నిలవడం లేదు.

అంతలో ఫోను మోగింది. పెదకొండ సంపాదకుడు.

“మేడమ్, మావాళ్లు నన్ను నమిలేస్తున్నారు! మీ కబడ్డీ పిల్లలు బంగారాలే గానీ, మా జాతర ఏదని ఒకటే గోల. మీ కట్ట తిరుగు బస్సెక్కించేశాను. మాది పంపించండి తల్లీ, పుణ్యముంటుంది!”

జనమే తలా ఒక చెయ్యి వేసి పేపర్లు పోగు చేశారు. భ్రమరాంబ కట్ట ఎత్తుకుని పరుగెత్తింది. కదులుతున్న పెదకొండ బస్సును కేకలేసి ఆపి, కట్టను కిటికీలోంచి లోపలికి తోసి, రొప్పుతూ తిరిగొచ్చింది. కూర్చున్నాక సంచిలోని నోటీసు గుర్తొచ్చింది.

“మరి దీన్నేం చెయ్యమంటారు మాస్టారూ?”

ఆయన ఒకసారి గోడకేసి చూశారు.

“పంపించెయ్యి. చిరునామాలో ఊరు మాత్రం రాయకు. ‘టైమ్స్’ అని ఒక్కమాట రాసి పోస్టులో వెయ్యి, ఎవరికి చేరుతుందో చూద్దాం.”