ఇరవై నాలుగో భాగం

అనగా అనగా, కోడికూత కన్నా ముందు సుత్తి చప్పుడుకే మేలుకొనే ఊరొకటి. పేరు కాంస్యపురి. అక్కడ కొత్త యంత్రం కనిపెట్టినవాళ్ళకు రాజు విజయకేతుడు రాగిరేకు ఇచ్చేవాడు. రేకు పొందినవాళ్ళు తప్ప మరొకరు పన్నెండేళ్ళ దాకా ఆ యంత్రం చేయకూడదు.

ఊరికే ఇవ్వడు మరి. చేసినవాళ్ళు దాన్ని నిండు సభలో విప్పాలి. ఏ భాగం ఏం చేస్తుందో రేకు మీద చెక్కించాలి. ఆ రేకును కోటగుమ్మానికి వేలాడదీస్తారు. గడువు తీరాక ఎవరైనా చూసి చేసుకోవచ్చు. ఏదైనా దాచినట్టు తేలిందా, వాళ్ళ కొలిమిలో నీళ్ళు పోస్తారు. ఇక అది వెలగదు.

ఆ ఊళ్ళో నీలాంబ అనే కంచరి ఉండేది. మొగుడు పోయాడు. ఒళ్ళో పసిపిల్ల. కొలిమి దగ్గర పని, ఉయ్యాలలో ఏడుపు. ఎటని పోతుంది? ఆలోచించి ఆలోచించి ఒక కంచుబొమ్మ చేసింది.

పిల్ల కదిలితే బొమ్మ ఉయ్యాల ఊపేది. సన్నగా జోల మూలిగేది. ఊగినకొద్దీ దాని చక్రం తనంతట తానే బిగుసుకునేది. పిల్ల కన్ను మూస్తే మెల్లమెల్లగా నెమ్మదించి ఆగేది.

ఆపేది ఒక కంచుఆకు. వేలెడంత. చక్రం కింద, కంటికి ఆనని చోట ఉండేది.

సభలో నీలాంబ ఇరవై మూడు భాగాలు విప్పి చూపింది. ఇరవై నాలుగోదాన్ని ముందే తీసి కొంగున ముడేసుకుంది. 'దొంగచాటుగా చేసేవాళ్ళు ఎలాగూ చేస్తారు. చేయనీ. వాళ్ళ బొమ్మ చెడుతుంది. జనం నా గడపకే వస్తారు' అనుకుంది.

"దాచినదేమైనా ఉందా అమ్మా?" అని మంత్రి అడిగాడు.

"లేదు."

"ఇంకోసారి అడుగుతున్నాను. ఉందా?"

"లేదు."

"అగ్నిసాక్షిగా?"

"లేదయ్యా, లేదు."

రేకు ఆమె చేతికొచ్చింది.

అనుకున్నట్టే జరిగింది. భోగయ్య అనే వర్తకుడు గుమ్మం దగ్గర నిలబడి రేకంతా చదివాడు. పెరట్లో గుట్టుగా బొమ్మలు పోతపోయించాడు. సగం ధరకే అమ్మాడు. కొన్ని నెలల్లో మూడు వందల ఇళ్ళలో మూడు వందల బొమ్మలు.

మొదట సాలె వీధి నుంచి ఒకామె వచ్చింది. "నీలాంబా, మా బొమ్మ ఆగడం లేదే. పిల్లాణ్ణి తీసేశాం. ఉత్త ఉయ్యాల ఊపుతోంది."

నీలాంబ నవ్వింది. "చవకబేరం చేస్తే అంతే మరి. ఇక ఆ బొమ్మకే నువ్వు జోల పాడు!"

తర్వాత గానుగ వీధి నుంచి ఒకామె వచ్చింది. "పిల్ల ఏడవడం మానేసింది అమ్మా. చంకనేసుకున్నా కళ్ళు మాత్రం అటూ ఇటూ, అటూ ఇటూ. ఊయల ఇంకా దాని లోపలే ఊగుతున్నట్టుంది."

నీలాంబ నవ్వలేదు. "భోగయ్యనడుగు" అని తలుపు వేసుకుంది.

అప్పుడు విన్నది ఆమె. మిట్టమధ్యాహ్నం. వీధిలో ఒక్క బిడ్డా ఏడవడం లేదు. ఒక్క బిడ్డా నవ్వడం లేదు. ఇంటింటా ఒకే మూలుగు, ఒకే వరుస. మూడు వందల బొమ్మలు ఒక్క గొంతుతో. సుత్తుల వాళ్ళు పని ఆపి "ఎంత హాయిగా ఉంది ఊరు!" అన్నారు. తల్లులు మాత్రం ఉయ్యాలల దగ్గరి నుంచి కదల్లేదు.

మూడో రోజున ఎదురింటి పెంచలమ్మ వచ్చింది. చేతుల్లో నాలుగు నెలల కొడుకు. వాడి కళ్ళు అటూ ఇటూ పోతున్నాయి. రెప్ప పడటం లేదు.

"నిన్నటి నుంచి పాలు తాగడం లేదు అక్కా. ఉయ్యాల ఆపుదామని మా ఆయన పట్టుకుంటే బొమ్మ చెయ్యి ఆయన్ని విసిరికొట్టింది."

"భోగయ్య దగ్గర ఎందుకు కొన్నావే?"

"నీ దగ్గర కొనేంత డబ్బు లేదు కదా, అడగడానికి సిగ్గేసింది. అయినా భయమేముంది అనుకున్నాను. అన్నీ నీ రేకులో ఉన్నట్టే చేశారట. నువ్వు అగ్నిసాక్షిగా చెప్పినవేగా."

నీలాంబ తల తిప్పి చూసింది. వెనక తన ఉయ్యాలలో తన పిల్ల హాయిగా నిద్రపోతోంది. బొమ్మ ఆగి ఉంది.

ఒక్క క్షణం కొలిమి వంక చూసింది. చెబితే అది పోతుంది. కూడు పోతుంది. చెప్పకపోతే?

పిల్లవాడి కళ్ళు అటూ ఇటూ.

"పద" అంది. తన పిల్లను ఉయ్యాలలోంచి తీసి చాప మీద పడుకోబెట్టి, తన బొమ్మలోంచి ఆకు పీకి పెంచలమ్మ ఇంటికి పరిగెత్తింది. తిరుగుతున్న చక్రం కిందికి చెయ్యి దూర్చింది. కంచు చెయ్యి రెండుసార్లు ఆమె భుజాన్ని కొట్టింది. మూడోసారికి ఆకు దాని చోట పడింది.

"ఇప్పుడు వాణ్ణి పడుకోబెట్టు."

"మళ్ళీ అందులోనా?"

"ఒక్కసారిగా తీసేస్తే ఊపు కళ్ళలోనే మిగిలిపోతుంది. కొంచెం కొంచెంగా దింపాలి."

పెంచలమ్మ పడుకోబెట్టింది. ఉయ్యాల నెమ్మదించింది. మూలుగు సన్నగిల్లింది. కళ్ళు నెమ్మదించాయి. ఉయ్యాల ఆగింది. కళ్ళు ఆగాయి. పిల్లవాడు తల్లి ముఖం చూసి, నోరంతా తెరిచి, గుక్కపెట్టి ఏడ్చాడు.

పెంచలమ్మ కూడా ఏడ్చింది.

నీలాంబ ఆగలేదు. నేరుగా సభకు వెళ్ళింది. "ప్రభూ, దాచాను. మూడుసార్లూ అబద్ధమే చెప్పాను. ఇరవై నాలుగో భాగం ఇదీ." నిలబడినచోటే నేల మీద గీసి చూపింది.

భోగయ్యను పిలిపించారు. "రేకు చూసే చేయించాను ప్రభూ, తప్పు ఆమెదే కదా!" అన్నాడు.

"హక్కు లేనిది చేయడం నీ తప్పు. ఎలా ఆగుతుందో తెలియకుండానే అమ్మడం ఇంకా పెద్ద తప్పు" అన్నాడు రాజు. ఆ బొమ్మల సొమ్మంతా తల్లులకు తిరిగి ఇప్పించాడు. తర్వాత నీలాంబ వైపు తిరిగాడు. "నీ రేకు కరిగిస్తాం. నీ కొలిమి..."

"తెలుసు ప్రభూ. మూడు వందల ఆకులు పోసేదాకా వెలగనివ్వండి."

ఆమె ఏడు పగళ్ళు పోతపోసింది. వాచిన భుజంతోనే ఎప్పటికప్పుడు ఇల్లిల్లూ తిరిగి బిగించింది. ఒక్కొక్క ఇంట్లో మూలుగు ఆగింది, ఏడుపు లేచింది. చివరి ఆకు అయ్యాక కుండెడు నీళ్ళు తానే తెచ్చి తన కొలిమిలో పోసింది. వీధంతా పొగ.

పొగలోంచి పక్కింటి ముసలి కంచరి దగ్గుతూ వచ్చాడు. "నీ కొలిమికేగా శిక్ష పడింది, నీ చేతులకు కాదుగా. పిల్లను తీసుకుని రా తల్లీ. నా కొలిమి దగ్గర ఇద్దరికి చోటుంది."

దాచిన విద్య దొంగను ఆపదు, నమ్మినవాళ్ళనే ముంచుతుంది.