తొమ్మిది పొలుసుల కొలత

చెరకు తోట పక్కన బెల్లం వండే పొయ్యి, దాని వెనక కాలవ గట్టు, ఆ గట్టులో గున్నమ్మ అనే పందికొక్కు కాపురం. ఆ కలుగుకి రెండు దారులు. ముందుది విశాలం. వెనకది ఇరుకు, వాళ్ళ నాయనమ్మ స్వయంగా తవ్వింది. కాలవకి నీళ్ళు వదిలారంటే ముందు దారి మునుగుతుంది, ఇక వెనక దారే ప్రాణం. పోయినేడు గున్నమ్మ అక్క ఆ వెనక దారిలో నడుము పట్టక ఇరుక్కుపోయింది. నీళ్ళొచ్చాయి. కాసేపు పిలిచింది. తర్వాత పిలవలేదు.

ఈ ఏడు నీళ్ళు రావడానికి నెల ఉందనగా గున్నమ్మ వెళ్ళి అందులో తల దూర్చి చూసింది. తల పట్టింది, పొట్ట పట్టలేదు.

"బెల్లం పెచ్చుల మహిమ అమ్మాయ్!" అన్నాడు సోమయ్య, గట్టు మీద ఎండ కాగుతూ.

సోమయ్య జెర్రిపోతు. ఎలకలంటే పడి చస్తాడు. కానీ గున్నమ్మ అతని నోటికి పట్టదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే ఈ పలకరింపులు.

"నోరు కట్టుకోలేను మావా, ఏం చెయ్యను?"

"కట్టుకోమన్నానా? లెక్కపెట్టుకోమంటున్నా. గడ్డి దుంప తింటే గుమ్మంలో ఒక గులకరాయి పెట్టు. చెరకు ముక్కకి మూడు. బెల్లం పెచ్చుకి ఎనిమిది. రోజు మొత్తానికి ఇరవై దాటకూడదు. సాయంత్రం నేనొచ్చి చూస్తా."

మొదటి సాయంత్రం గుమ్మంలో పద్దెనిమిది రాళ్ళున్నాయి. సోమయ్య నాలుక చాచి ఆమె మూతి దగ్గర ఆడించాడు.

"పాకం నాకావు."

"నాకడం కూడా తినడమేనా మావా? పంటికైనా తగల్లేదు!"

"పొట్టకి తగిలిందిగా. ఇంకో ఐదు పెట్టు."

తర్వాత ఆమె నడుము చుట్టూ చల్లగా ఒక్క చుట్టు చుట్టి, తన పొట్ట కింది అడ్డపొలుసులు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. "ఇరవై రెండు. వెనక దారి పట్టాలంటే తొమ్మిదికి రావాలి."

లెక్క అయిపోయినా చుట్టు వెంటనే విప్పలేదు. గున్నమ్మ రామనామం అనుకుంటూ ఊపిరి బిగబట్టింది.

మొదటి వారం కళ్ళు తిరిగాయి. తర్వాత కిటుకు తెలిసింది: ఒక్క పెచ్చుకి పెట్టే రాళ్ళతో ఎనిమిది దుంపలు తినొచ్చు, కడుపూ నిండుతుంది. పందొమ్మిది అన్నాడు సోమయ్య. పదిహేడు అన్నాడు. కాలవ మడుగుల్లో కప్పలు మాత్రం రోజురోజుకీ ఎక్కువయ్యాయి. పక్కనుంచే గెంతుతున్నా అతను తల తిప్పడం లేదు.

"నువ్వేం తినడం లేదా మావా?"

"ఆకలి దాచుకుంటున్నానమ్మాయ్," అన్నాడు మెల్లగా.

పద్నాలుగు అన్న మర్నాడు మధ్యాహ్నం, అతను విడిచిన కుబుసం తుమ్మకంపకి వేలాడుతూ కనిపించింది. దాని మీద పొలుసులన్నీ అచ్చుగుద్దినట్టున్నాయి. గున్నమ్మకి ఆలోచన తట్టింది. దాన్ని లాక్కెళ్ళి వెనక దారి చుట్టూ పెట్టి చూసింది. పద్నాలుగు. మళ్ళీ పెట్టింది. పద్నాలుగే. తల దూర్చింది, పక్కలు రాసుకున్నాయి, అంతే, అవతల ఎండలో ఉంది.

పట్టింది! సంతోషంతో గంతెయ్యాల్సింది. కానీ అక్కడే ఆగిపోయింది. మరి తొమ్మిది ఏ గుమ్మం కొలత?

గాలికి కుబుసం తల ఆమె వైపు తిరిగింది. కళ్ళ చోట పలచటి పొరలు, కింద తెరిచిన నోరు. గున్నమ్మ కుబుసం నడుముని ఎత్తి ఆ నోటి చుట్టూ తిప్పింది. ఒకటి, రెండు, మూడు... తొమ్మిదో పొలుసు దగ్గర చుట్టు పూర్తయింది.

సాయంత్రం సోమయ్య కొలిచి విసుక్కున్నాడు. "ఇంకా పద్నాలుగే!"

"తప్పు నాదే మావా. ఇవాళ్టి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను, లోపలే పడుకుంటా. నీళ్ళొచ్చేలోగా తొమ్మిదికి వస్తా. కానీ బెల్లం వాసనొస్తే నా మీద నాకే నమ్మకం లేదు. నువ్వు ఈ గుమ్మం ముందే కూర్చో. కదలొద్దు."

"కదలనమ్మాయ్." అతని గొంతు తడిగా ఉంది.

గున్నమ్మ లోపలికి వెళ్ళింది. వెనక దారిన బయటపడి, తోట అవతలి మిట్టకి పోయింది.

సోమయ్య కదల్లేదు. కప్పలు అతని వీపు మీంచి దాటాయి. రోజుకోసారి కలుగులోకి వంగి, "ఎంతయ్యావమ్మాయ్?" అనేవాడు. కలుగు పలికేది కాదు. "పాపం, నీరసం. పన్నెండయ్యుంటుంది," అని తనే చెప్పుకునేవాడు. మర్నాడు పదకొండు. ఆ మర్నాడు పది. నాలుగోనాడు "తొమ్మిది" అని, నోరు తెరిచి లోపలికి పాకాడు.

లోపల ఖాళీ. అవతలి కొసన గుండ్రటి ఎండ. వెనక్కి తిరగబోయేసరికి కాలవకి నీళ్ళొచ్చాయి. ఎంత వరదైనా ఈదే జాతి అతనిది. కానీ నెల పస్తుల ఒంట్లో ఈదడానికి గానీ, ఆ ఎండ దాకా పాకడానికి గానీ సత్తువేది?

మిట్ట మీంచి గున్నమ్మ చూసింది. నీళ్ళలో పొడుగ్గా, సన్నగా ఏదో కొట్టుకుపోతోంది. నోరింకా తెరుచుకునే ఉంది. "రామ రామ," అని కళ్ళు మూసుకుంది.

పొట్ట తగ్గాలంటే తిన్నది లెక్కపెట్టుకోవాల్సిందే, కానీ ఎంతకి ఆపాలో మాత్రం నీ కోసం ఆకలితో కూర్చున్నవాణ్ణి అడక్కూడదు.