మూడు బంగారు ముద్దల చిక్కుప్రశ్న

అనగనగా, ముత్యాలదీవిని ఏలే రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రత్నకేతు, నడిమివాడు హేమకేతు, చిన్నవాడు మణికేతు.

పొరుగురాజు కూతురు కనకాంగిని కాలదంష్ట్రుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, బంగారు పంజరంలోని చిలుకలో ఉంది; అది పంజరం దాటితే వాడు చస్తాడు. ఆమెను విడిపించుకొస్తానని పెద్దవాడు వెళ్లాడు, తిరిగిరాలేదు. నడిమివాడు వెళ్లాడు, తిరిగిరాలేదు. ఇక మణికేతు బయలుదేరాడు. దారిలో వలలో చిక్కిన తాబేలును విడిపిస్తే, అది అతణ్ణి వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

ఒడ్డున దిగగానే అతడు తలెత్తి చూశాడు. కొండంత పంజరం, దాని కాంతికి పగటి సూర్యుడే వెలవెలబోతున్నాడు. దాని ముందు అన్నలిద్దరూ రాతిబొమ్మలై ఉన్నారు. పక్కనే బందీగా కనకాంగి, ఆమె ఎదుట మూడు బంగారు ముద్దలు. మాంత్రికుడు పెట్టిన చిక్కుప్రశ్నకు సరైన జవాబు చెబితేనే పంజరం తెరుచుకుంటుందని, తప్పితే రాయైపోతాడని ఆమె హెచ్చరించింది.

"యువరాజా, ఈ చిన్న ముద్ద పదహారు వన్నెల మేలిమి, తులం. ఇది పన్నెండు వన్నెలది, రెండు తులాలు. ఈ పెద్దది ఎనిమిది వన్నెల నాసి బంగారం, ఐదు తులాలు. మూడూ కరిగించి కలిపితే వచ్చే బంగారం స్వచ్ఛత ఎన్ని వన్నెలు?"

మూడూ కూడి మూడుతో భాగిస్తే పన్నెండు. ఆ మాట మణికేతు నాలుక చివరిదాకా వచ్చింది. తన అన్నలూ అదే చెప్పారేమోనన్న అనుమానంతో ఆగి, ముద్దల్ని చేతుల్లోకి తీసుకున్నాడు. మేలిమి ముద్ద ఈకలా తేలిపోయింది. నాసి ముద్ద అరచేతిని కిందికి లాగింది. ఎక్కువున్నది ఎక్కువ లాగుతుందన్నమాట!

తులానికొకటి చొప్పున ఎనిమిది గవ్వలు పేర్చాడు. ఒక గవ్వకు పదహారు. రెండు గవ్వలకు పన్నెండేసి, ఇరవై నాలుగు. ఐదు గవ్వలకు ఎనిమిదేసి, నలభై. అన్నీ కలిపితే ఎనభై. ఎనిమిది తులాలకు పంచితే తులానికి పది.

"పది వన్నెలు" అన్నాడు.

మూడు ముద్దలూ గాలిలోకి లేచాయి. నిప్పు లేకుండానే కరిగి, ఒకదాన్నొకటి వెతుక్కుని ఒకే బిందువయ్యాయి. సముద్రం హోరు మానింది. పంజరం పువ్వులా విచ్చుకుంది. చిలుక ఆకాశంలోకి ఎగిరిపోగానే, ఎక్కడో మాంత్రికుడు ఉప్పుబొమ్మలా కరిగిపోయాడు. రాళ్లలోంచి అన్నలు కళ్లు తెరిచారు.

కనకాంగి మణికేతును వరించింది. అన్నలే కిరీటం తెచ్చి తమ్ముడి తలమీద పెట్టారు. ఆ దంపతులు మునిమనవలను ఒళ్లో ఆడించేదాకా రాజ్యాన్ని చల్లగా ఏలుకున్నారు.