పడవ మీద చెయ్యి వేసి

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు ఇసకలంక రేవులో పడవలు లాగే మోకులు పట్టిన కర్రి నూకరాజు. తరవాత దీన్ని చాలామంది చాలా రకాలుగా చెప్పారు. వాళ్లలో ఒక్కడూ ఆ రోజు రేవులో లేడు. ఉన్నట్టు చెప్పుకుంటారు, అది వేరు. నూకరాజు మోకు పట్టుకుని నిలబడ్డవాడు కాబట్టి అతని మాటే ఖాయం చేసుకున్నాను.

సర్వేశం మాస్టారు సాయంత్రాలు పడవల పాకలో ఇంగ్లీషు చెప్పేవారు. అడిగినదానికి అడిగిన పూటే జవాబు చెప్పే అలవాటు ఆయనకి లేదు. పెసింగి కామేశుకి ఆ సంగతి తెలుసు. తెలిసినా ఆ సాయంత్రం అడగక తప్పలేదు. తండ్రి పోయాక అతను మేస్త్రిగా నిలబడి చేయించిన మొదటి పెద్ద పడవ మర్నాడు నీళ్లలోకి దిగుతోంది. చూడ్డానికి పరదేశం నుంచి భార్యాభర్తలిద్దరు వస్తున్నారు. నచ్చితే అలాంటివే ఇంకా చేయించుకుంటారు. నచ్చకపోతే వానలు వెళ్లేదాకా పాకకి పని లేదు, పాకని నమ్ముకున్న ఇళ్లలో పొయ్యి వెలగదు.

“మాస్టారూ, మనకి ‘చేశాను’ అంటే సరిపోద్దండి. వాళ్లకి మేక్ అంట, బిల్డ్ అంట, క్రియేట్ అంట, ప్రొడ్యూస్ అంట, కాజ్ అంట. అన్నీ చెయ్యడమో, అయ్యేలా చూడ్డమో. రేపు పడవ పక్కన నిలబడి నేను ఏదనాలండీ?”

“నీకేది నచ్చింది?”

“క్రియేట్ అండి. నోరు నిండుగా ఉంది. పడవ నాదని తెలుస్తది.”

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. “పొద్దున్న రేవులో కనపడతాలే,” అన్నారు.

ఆ రేవులో ఒక కట్టుబాటు ఉంది. కొత్త పడవకి మోకు తగిలించే ముందు లోపల నీళ్లు పోస్తారు, ఎక్కడైనా చెమ్మ బయటికొస్తుందేమో చూడ్డానికి. ఆ నీళ్లు నిలిచి ఉండగానే, పనిచేసిన ప్రతివాడూ వచ్చి, తాను పనిచేసిన చోట చెయ్యి వేసి, ఆ పని ఏదో పైకి చెప్పాలి. ఆఖర్న మేస్త్రి చెప్పాలి. చెప్పినదాన్ని ఎవరైనా కాదనవచ్చు. ఎవరూ కాదనకపోతేనే మోకు.

మర్నాడు మాస్టారు బోర్లించిన గంప మీద కూర్చున్నారు. పరదేశీలిద్దరూ ఒకే గొడుగు కింద నిలబడ్డారు. “ఈ వంపులు నేను చెక్కాను,” అన్నాడు బాడిశ పనివాడు. “ఈ మేకులు నేను దింపాను,” అన్నాడు కమ్మరి. పలకల సందుల్లో కొబ్బరిపీచు కూరి గుగ్గిలం నూనె పట్టించే ఓలేటి సింహాచలం వంతు వచ్చేసరికి, ముందుకొస దగ్గర ఎడమవైపు సందులోంచి నీటిచుక్క పొడుచుకొచ్చి జారింది. దాని వెనకే ఇంకొకటి.

“అయిపోయింది. ముసలోడి చెయ్యి వణికింది,” అన్నారు వెనకనించి.

“కళ్లూ ఆనట్లేదేమో. పెళ్లిభోజనానికి మాత్రం దారి బాగానే కనపడింది!”

నలుగురు నవ్వారు. ఆ నలుగురి పేర్లూ నూకరాజు చెప్పాడు. నాకు జ్ఞాపకమే, రాయను.

సింహాచలం చెయ్యి ఆ సందు దాకా వెళ్లి, దాన్ని దాటి అవతల ఆగింది. “ఇక్కణ్ణించి వెనక్కి నేను కూరాను. ఆ మూరెడూ నా చెయ్యి కాదు.” అంతే అన్నాడు. మరి ఎవరి చెయ్యో అతను అడగలేదు.

కామేశుకి తెలుసు. సింహాచలం తన చెల్లెలి ఇంట పెళ్లికి వెళ్లినప్పుడు, పని ఆగిపోతోందన్న తొందరలో ఆ మూరెడూ తానే కూరాడు. ఆ పీచు సరిగ్గా ఆరలేదు. తడి పీచు కూరినప్పుడు బిర్రుగానే ఉంటుంది, ఆరాక కుదించుకుపోయి సందు వదిలేస్తుంది. పాకలో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేని విషయం అది. అప్పుడు పాకలో తానొక్కడే ఉన్నాడు. నోరు మూసుకుంటే కాదనేవాడు లేడు. వల్లెవేసుకొచ్చిన క్రియేట్ నాలుక మీద సిద్ధంగా ఉంది. మాస్టారి వైపు చూశాడు. ఆయన ఏటి వైపు చూస్తున్నారు.

కామేశు వెళ్లి, కారుతున్న సందు మీద అరచెయ్యి ఆనించాడు. నీళ్లు మోచేతిదాకా జారాయి.

“ఇది నా వల్ల. సింహాచలం బాబాయ్ లేనప్పుడు తడి పీచు కూరాను.”

నవ్విన నలుగురికీ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“వాళ్లకీ చెప్పు,” అన్నారు మాస్టారు.

“ఐ కాజ్డ్ ది లీక్,” అన్నాడు కామేశు. మాట కోసం వెతుక్కోలేదు.

గొడుగు కింది ఆవిడ భర్త చెవిలో ఏదో అంది. ఇక వెళ్లిపోతారనుకున్నారు అందరూ. వాళ్లు గొడుగు మడిచి, పడవ దగ్గరికొచ్చి, వంగి ఆ సందుని చూశారు.

“ఏటికి పోటు రావడానికి ఇంకా టైముంది. అలా గోడకి కొట్టిన మేకులా నిలబడతావా, ఉలి అందుకుంటావా?” అని కసిరాడు సింహాచలం. “పీచు ఈసారి నేనిస్తా. ఆరిందో లేదో చెంపకి ఆనించి చూసి మరీ ఇస్తా.”

పాత పీచు లాగేశారు. వేడి ఇసక మూటతో సందుకి కాపడం పెట్టి ఆరబెట్టారు. కామేశు కూరాడు, సింహాచలం దట్టించాడు, గుగ్గిలం నూనె పట్టించారు. మళ్లీ నీళ్లు పోశారు. మళ్లీ అందరూ చేతులు వేశారు. ఆ మూరెడు దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులు పక్కపక్కన పడ్డాయి. ఒక్కచుక్క రాలేదు. ఎవరూ కాదనలేదు.

లోపలి నీళ్లు తోడి పారబోసి మోకు కట్టారు. పోటు నిండుకొచ్చింది. రేవంతా ఒక్క ఊపున లాగింది. పడవ నూకరాజు చేతిలోంచి మోకు గుంజుకుని ఏట్లోకి ఉరికి, ఓసారి ముక్కు ముంచి, లేచి, ఎటూ ఒరగకుండా నిలబడింది. లోపలికి దూకిన సింహాచలం అడుగున అరచెయ్యి రాసి పైకెత్తి చూపించాడు. పొడి! రేవు దద్దరిల్లింది. నడుంలోతు నీళ్లలో నిలబడి కామేశు గొంతు చించుకుంటున్నాడు: “వుయ్ బిల్ట్ ఇట్! వుయ్ బిల్ట్ ఇట్!” పరదేశీ ఆయన రెండు వేళ్లు ఎత్తి చూపించాడు. ఇంకో రెండు పడవలు.

కామేశు నీళ్లోడుతూ వచ్చి మాస్టారి ముందు నిలబడ్డాడు.

“మాస్టారూ, నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనే లేదండి.”

“ఇవాళ రెండు మాటలు వాడావు. ఎవరన్నా కాదన్నారా?” అంటూ మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు. “సింహాచలం చెయ్యి వణికిందన్న కబురు ఈపాటికి టీకొట్టు దాటిపోయుంటుంది. బట్టలు తరవాత మార్చుకోవచ్చు. ముందు వెళ్లి దాన్ని దిద్దిరా, నాయనా.”