వెన్న తేలేదాకా

అనగనగా ఊరంటే ఊరా అది, కొండకింద బారుగా పరుచుకున్న పేద్ద పట్నం. దానికో రాజు. ఆయనకి నిలకడన్నది లేదు. కూచుంటే లేస్తాడు, లేస్తే తిరుగుతాడు, తిరిగి తిరిగి మళ్ళీ కూచుంటాడు. నీలాగేరా భార్గవా, ఆ కాళ్ళాడించడం మానెయ్యి ముందు.

ఆ పట్నంలో నూకాలమ్మని ఒక మంత్రసాని ఉండేదిట. మంత్రసానంటే పురుళ్ళు పోసే మనిషర్రా. ఊరంతటికీ ఆవిడొక్కతే. ఆవిడ చెయ్యి పడిందంటే తల్లీ పిల్లా చల్లగా గట్టెక్కేవారు.

ఆ ఏడు ఏమొచ్చిందో ఏమో, పురుళ్ళన్నీ ఒక్కసారే మీదపడ్డాయి. కుమ్మరి కోడలికి నొప్పులన్నారు, వెళ్ళింది. అక్కడ చెయ్యి కడుక్కుంటుంటే వడ్రంగి చెల్లెలికి నొప్పులన్నారు, పరిగెత్తింది. వడ్రంగి ఇంట్లోంచి బయటికొస్తుంటే గానుగాయన కూతురికి నొప్పులన్నారు, అటునించటే పోయింది. చెయ్యి కడిగితే కబురు, చెంబు దించితే కబురు, చాప పరిస్తే కబురు. అలా ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, అయిదు రోజులు. కడుపుకింత తిన్నదీ లేదు, కంటికింత కునుకూ లేదు. ఊ కొడుతున్నారా? ఆఁ, కొట్టండి మరి.

ఆరోనాడు పొద్దున్నే కోటలోంచి పల్లకీ వచ్చి గుమ్మంలో దిగింది. రాజుగారి చిన్నకోడలికి నొప్పులు. తొలికాన్పు.

వెళ్ళి చూస్తే అది పురిటిల్లా, జాతరా? శుభమని మేళగాళ్ళు డోళ్ళు వాయించేస్తున్నారు. అయ్యవార్లు గొంతులు చించుకుని మంత్రాలు చదివేస్తున్నారు. ముసలమ్మలు గోడవార కూచుని ముందే ఏడ్చేస్తున్నారు. రాజుగారు తలుపు దగ్గరికొస్తాడు, అయిందా అంటాడు, పోతాడు. మళ్ళీ వస్తాడు, అయిందా అంటాడు, పోతాడు. మంచంమీద ఆ పిల్ల బెదిరిపోయి, ఒళ్ళంతా కర్రలా బిగబట్టుకుని ఉంది.

నూకాలమ్మ పొట్టమీద చెయ్యి వేసింది. బిడ్డ అడ్డం తిరిగి ఉందని మాత్రం తెలిసింది. అలాంటి బిడ్డల్ని ఎంతమందిని సర్దలేదు ఆవిడ! కానీ ఆవేళ తల ఎటో, కాళ్ళెటో చేతికి అందలేదుట. చేతిలో నూనెగిన్నె పెట్టుకునే నూనె తెమ్మందిట. తెచ్చిస్తే, ఇదెందుకే అని అడిగిందిట.

రాజుగారి పెద్దకోడలు కనకాంగి తోటికోడలి చెయ్యి పట్టుకుని అక్కడే ఉంది. అంతా చూస్తోంది. మెల్లిగా పక్కకి పిలిచి అడిగింది.

"నూకాలమ్మా, నువ్వు నడుం వాల్చి ఎన్నాళ్ళయిందే?"

అంతే, ఆవిడకి ఏడుపొచ్చేసింది. "అయిదు రోజులైందమ్మా. బుర్ర మొద్దుబారిపోయింది. నా చెయ్యి నా మాట వినటంలేదు. ఇలాగే పనిలోకి దిగితే రెండు ప్రాణాలూ తీసేస్తానేమోనని భయంగా ఉంది."

"వ్యవధుందా?"

"ఉందమ్మా. ఉమ్మనీరు ఇంకా పోలేదు."

"అయితే ముందు పడుకో."

ఆ మాట రాజుగారి చెవిన పడనే పడింది. ఇప్పుడు నిద్రా! నా కోడలలా ఉంటే దీనికి నిద్ర కావలసొచ్చిందా, తల తీయించేస్తాను అని గంతులేశాడు.

"తల తీయిస్తే పురుడెవరు పోస్తారు మామగారూ, మీరా?" అంది కనకాంగి.

రాజుగారు గంతులాపి, మళ్ళీ తిరగడం మొదలెట్టాడు.

కనకాంగి మేళం ఆపించింది. మంత్రాలు ఆపించింది. ఏడ్చేవాళ్ళని వంటింట్లోకి తోలింది. నూకాలమ్మని పెరటి వసారాలో చాపమీద పడుకోబెట్టింది. కానీ నిద్ర రమ్మంటే వస్తుందర్రా? కళ్ళు మూస్తే కుమ్మరి కోడలు, కళ్ళు తెరిస్తే వడ్రంగి చెల్లెలు, ఇటు తిరిగితే గానుగాయన కూతురు, అటు తిరిగితే అడ్డం తిరిగిన బిడ్డ. ఎక్కడో బల్లి కిచుక్కుమంటే, వస్తున్నా వస్తున్నా అని లేచి కూచునేది.

కనకాంగికి మహా జాలేసింది. పెరుగుకుండ తెచ్చి, కవ్వం దించి, తాడు చుట్టి, రాచకోడలై ఉండీ తనే చిలకడానికి కూచుంది. "ఏదీ ఆలోచించకు. ఈ చప్పుడొక్కటే విను. వెన్న తేలగానే నేనే లేపుతాను. ఆ పూచీ నాది" అందిట.

జుర్రూ... బుర్రూ... జుర్రూ... బుర్రూ...

తాడు ఇటు లాగితే నూకాలమ్మ ఊపిరి లోపలికి, అటు లాగితే బయటికి. కాసేపటికి పిడికిళ్ళు విడిపోయాయి. ఇంకాసేపటికి నోరు తెరుచుకుంది. గుర్రు కూడా పెట్టిందిట.

రాజుగారు వచ్చాడు. కుండలోకి తొంగిచూశాడు. తేలిందా? లేదు మామగారూ. పోయాడు. మళ్ళీ వచ్చాడు. తేలిందా? లేదు మామగారూ. మూడోసారి వస్తే కనకాంగి చేత్తో అరుగు చూపించింది. ఆయన కూచున్నాడు. లేవలేదు!

వెన్న తేలింది. లేపగానే నూకాలమ్మ గభాల్న పరిగెత్తబోతే కనకాంగి పట్టుకుని ఆపింది. చల్ల ఇచ్చి తాగించింది. పెరట్లో రెండు చుట్లు మెల్లిగా తిరగమంది. చేతులు వదులుగా ఊపుకుంటూ నడుస్తుంటే, బురదనీళ్ళు తేరుకున్నట్టు ఆవిడ బుర్ర తేరుకుంది.

ఇంక చూడండీ, అన్నీ ఆవిడే చెప్పడం మొదలెట్టింది. అమ్మా, ఆ పిల్ల కూడా నాలాగే అదిరిపోయి ఉంది, ముందు దాన్ని కుదుటపరచాలి అంది. మెల్లిగా దింపి, తన భుజంమీద చెయ్యి వేయించుకుని నాలుగడుగులు నడిపించింది. మళ్ళీ పక్కకి తిప్పి పడుకోబెట్టింది. మళ్ళీ చిలకండమ్మా అని కనకాంగికి కేకేసింది. జుర్రూ... బుర్రూ... ఆ చప్పుడు వింటూ పిల్ల బిగబట్టిన ఒళ్ళు వదులు చేసింది. అప్పుడు చెయ్యి వేసిందిట నూకాలమ్మ. ఇదిగో తల, ఇవిగో పాదాలు! నూనె రాసి, పిసరు పిసరు జరిపి, బిడ్డని తిన్నగా తిప్పింది. పొద్దువాలకముందే కేర్‌మంది, బంగారుబొమ్మలాంటి ఆడపిల్ల.

రాజుగారి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఏం కావాలో కోరుకో, కంకణాలా, కోకలా అన్నాడు.

"నాకు తోడు కావాలి బాబూ" అందిట నూకాలమ్మ. "ఇంత ఊరికి నేనొక్కదాన్నే. ఆరుగురు ఆడవాళ్ళని నా దగ్గర పని నేర్చుకోవడానికి పంపించండి. ఒక పురుడు పోసొచ్చిన మనిషి పడుకుని లేచేదాకా దాని తలుపు ఎవరూ కొట్టకూడదని చాటింపు వేయించండి."

అలాగే వేయించాడు. ఏడాది తిరిగేసరికి వీధికో మంత్రసాని. అందరూ చల్లగా ఉన్నారు.

చూశారా, కదలనని మొండికేస్తే ఎద్దుకైనా కాడి దించి నీళ్ళు పెడతాం గానీ, బుర్రని మాత్రం కొట్టి కొట్టి తోలుతామర్రా. తప్పు కదూ.

ఇంక కథేమో కంచిదారి పట్టింది, మనమేమో దుప్పట్లోకి దూరదాం.