నిలువుల కనుమ: కదిరన్న ఎత్తు తేలిన వైనం

సంగాలపల్లె దాకా బస్సు వస్తుంది. అక్కడి నుంచి రెండు మైళ్లు కొండదారి, నడక తప్పదు. ఎక్కేటప్పుడు ఎడమ చేతికి లోయ, కుడి చేతికి ఎర్రరాతి గట్టు. మలుపు తిరిగాక నాలుగు రాతి గోడల చిన్న గుడి కనబడుతుంది. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. గోడల చుట్టూ ఆనించిన వెదురు బద్దలు మాత్రం వేలకు వేలు. కొత్తగా వచ్చినవారు వాటిని పందిరి సామాను అనుకొంటారు. అవి సామాను కావు. ఒక్కో బద్ద ఒక్కో మనిషి నిలువు.

లోపల కొలువైన స్వామి నిలువురాయుడు. ఏడు మూరల మహావీరుడని, ఒక్క అంగలో కనుమ దాటేవాడని తిరునాళ్లలో అమ్మే పటాల కింద అచ్చు వేస్తున్నారు. వేసినవాడు గుడి గడప తొక్కి ఉండడు. స్వామి ఎత్తు మూడున్నర మూరలకు వేలున్నర తక్కువ. ఆ లెక్క ఎలా తేలిందో తెలిస్తే ఈ క్షేత్రం సంగతి తెలిసినట్టే.

పూర్వం ఇక్కడ కనుమకు అడ్డంగా ఒక రాతి వాకిలి, ఆ వాకిలికి ఇద్దరు కావలివాళ్లు ఉండేవారు. ఒకడు ఈ సీమనేలిన పాళెగాడు కొండ్రాయుడి చెల్లెలి మొగుడు సిద్ధిరాజు. నాలుగు మూరల పైచిలుకు మనిషి. అతను నడిస్తే జనం పక్కకు తప్పుకొనేవారు. రెండోవాడు బోయ కదిరన్న, పొట్టివాడు. కదిరన్న భార్య ఓబుళమ్మ అతని కంటే పొడగరి. ఆ జంట సంతకు వస్తే ఊరికి పండగే. మొగుణ్ణి చంకనెత్తుకోకపోయావా, పాపం కాళ్లు నొప్పి పుడతాయి కదా అని ఆడవాళ్లు అడిగేవారు. ఎత్తుకొంటే మీ మొగుళ్లు కూడా ఎక్కుతామంటారని భయం అని ఆమె తిప్పికొట్టేది.

ఒక కరువు ఏట పరాయి దండు కనుమ మీద పడింది. తెల్లవారేసరికి వాకిలి తెరిచి ఉంది, మందల్లో సగం పశువులు లేవు, కావలివాళ్లు ఇద్దరూ లేరు. పొడుగువాడు పోరాడి చచ్చాడని, పొట్టివాడు వాకిలి తీసి పారిపోయాడని ఊరు తీర్మానించింది. చూసినవారెవరు? ఒక్కరూ లేరు. మగతనాన్ని మూరలతో కొలిచే బుద్ధి ఉన్నచోట చూసినవారు అక్కర్లేదు. ఓబుళమ్మను పొలిమేర రాయి అవతలికి తోలేశారు. ఆమె కనుమ కింద గుడిసె వేసుకొని తొమ్మిదేళ్లు ఉంది. మొగుడు పారిపోయే మనిషి కాదని అడిగినవారికీ అడగనివారికీ చెప్పింది.

పదో ఏట తేనె తీసే గంగులు తాడు మీద లోయలోకి దిగి, రాతి నెర్రెలో మనిషి ఎముకలు చూశాడు. నక్కలు ఈడ్చుకుపోగా మిగిలినవి కొన్నే. తొడ ఎముకలు రెండూ, ఒక పిక్క ఎముక, దవడ, ముందువైపు నుంచి దిగిన బల్లెం మొనతో ఒక రొమ్ముటెముక. పక్కన కావలివాళ్ల కత్తిపిడి. ఎదురొడ్డి చచ్చిన కావలివాడే, అనుమానం లేదు. ఇద్దరిలో ఎవడు? ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకే ఉడుపు, ఒకే కత్తి. తేడా ఎత్తులోనే.

కొండ్రాయుడు అడగనే లేదు. తన చెల్లెలి మొగుడే అన్నాడు. నిలువెత్తు విగ్రహం చెక్కమని ముద్దలింగాచారికి కబురు పెట్టాడు. ఆచారి శాస్త్రం తెలిసినవాడు. తొడ ఎముక కొలిచాడు, ఇరవై రెండు వేళ్లు వచ్చింది. విగ్రహాన్ని తొమ్మిది భాగాలు చేస్తే తొడకు రెండు భాగాలు చెల్లుతాయి కనుక నిలువు తొంభై తొమ్మిది వేళ్లు, అంటే మూరకు ఇరవై నాలుగు వేళ్ల లెక్కన నాలుగు మూరల మూడు వేళ్లు అని తేల్చాడు. అచ్చంగా సిద్ధిరాజు ఎత్తు. ఊరు చేతులు జోడించింది. ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టారు. వీరుడి కొండ కింద పిరికివాడి పెళ్లాం ఉండకూడదు కాబట్టి, ప్రతిష్ఠ జరిగిన పూటే ఓబుళమ్మ సీమ విడిచి పోవాలని కూడా ఆజ్ఞ అయింది. ఒక్కసారి ఆ ఎముకలు చూడనివ్వమని ఆమె అడిగింది. చూడనివ్వలేదు.

ఎముకలను ఊరేగించడానికి పాడె కావలసి వచ్చింది. పాడె అల్లేది మేదరి కేతమ్మ. ఆ చుట్టుపక్కల ఏడు ఊళ్లలో పోయినవారందరినీ బద్దతో కొలిచింది ఆమే. నాలుగు మూరల మనిషికి అల్లమని చెప్పి ఆచారి ఎముకలు చూపించాడు. కేతమ్మ తొడ ఎముకను చేతిలోకి తీసుకొని, ఒకసారి తన తొడ పక్కన పెట్టి చూసుకొని, ఈ మనిషికి అంత పాడె అక్కర్లేదు అంది.

ఆచారికి కోపం వచ్చింది. శాస్త్రం తప్పా అన్నాడు.

"శాస్త్రం తప్పని నేననలేదు ఆచారీ. నువ్వు కొలిచేది దేవుళ్లను. నేను కొలిచేది చచ్చేవాళ్లను."

ఈ మాట కొండ్రాయుడి దాకా పోయింది. ఆయన సభ పెట్టించాడు. మేదరిదానికి ఎముకల సంగతి ఏం తెలుసని నలుగురూ నవ్వారు. కేతమ్మ నవ్వనిచ్చింది. తర్వాత వెదురు చీల్చి, వచ్చినవారిని వచ్చినట్టు వరసలో నిలబెట్టింది. తుంటి పక్కన చేతికి తగిలే బుడిపె నుంచి మోకాలి కీలు దాకా తొడ ఎముకంత బద్ద విరిచి, ఆ బద్ద మనిషి నిలువులో ఎన్నిసార్లు పడుతుందో అందరి ఎదుటా కొలిచింది. మూడుసార్లు పడి, నాలుగోసారి ముప్పాతిక. నలభై మందిని కొలిచింది. కొందరికి వెంట్రుకవాసి ఎక్కువ, కొందరికి తక్కువ, ఆడవాళ్లకు రవ్వంత తేడా. ఆచారి లెక్కకు కావలసిన నాలుగున్నర మాత్రం ఒక్కరికీ రాలేదు. చివరకు కొండ్రాయుణ్ణే లేచి నిలబడమంది. పాళెగాణ్ణి మేదరిది తాకడమా అని గుసగుసలు పోయాయి. ఆయన లేచాడు. దొరకూ మూడుముప్పాతికే, దొర గుర్రాలకు మేత వేసేవాడికీ మూడుముప్పాతికే.

ఎముక ఎండి కుదించుకుపోదా, కీళ్ల నడుమ మెత్తన, అరికాలి తోలు, నెత్తి చర్మం అన్నీ పోయాయి కదా అని ఆచారి అడ్డుపడ్డాడు. మంచి ప్రశ్న. కేతమ్మ కొట్టిపారెయ్యలేదు. అందుకే చచ్చినవాడి ఎముకలు పేర్చి కొలవలేదని, బతికున్నవారి నిలువుతో కలిపి చూశానని, ఆ మెత్తనా తోలూ ఆ నిలువులోనే ఉన్నాయని చెప్పింది. ఎండినందుకు ఇంకొంచెం కలుపుకోమంది.

"రెండు వేళ్లు అటో ఇటో అవుతుంది దొరా. మూర కాదు."

ఇరవై రెండు వేళ్ల ఎముకకు మూడుముప్పాతిక వంతున ఎనభై రెండున్నర వేళ్ల బద్ద విరిచి ఆమె సభ మధ్య నిలబెట్టింది. సిద్ధిరాజు ఎత్తు తెలిసినవారు కళ్లు దించుకొన్నారు. అప్పుడు ఓబుళమ్మను పిలిపించారు. ఆమె వచ్చి బద్ద పక్కన నిలబడింది. బద్ద కొన ఆమె కనుబొమలను తాకింది. సంతలో ఆ జంటను చూసి నవ్వని మనిషి ఆ సభలో లేడు. కదిరన్న నెత్తి పెళ్లాం కనుబొమల దాకానే అని అందరికీ తెలుసు. ఏళ్ల తరబడి ఎగతాళి చేసిన నోళ్లే ఆ పూట సాక్ష్యం పలకవలసి వచ్చింది.

అయినా కొండ్రాయుడు ఒప్పుకోలేదు. చెల్లెలు చెన్నాజమ్మ పరువు పోతుందని ఆయన బాధ. పక్కన కూర్చున్న చెన్నాజమ్మే లేచింది.

"చాలించన్నా. ఇంకొకదాని మొగుడికి నేను కుంకుమ పెట్టలేను."

దానితో తీర్పు అయిపోయింది. ఎముకలను ఓబుళమ్మ ఒడిలో పెట్టారు. ఊళ్లోకి రమ్మని పెద్దలు బతిమాలారు. నేను రాను, కావలసినవారు మీరే ఎక్కి రండి అని ఆమె కనుమలోనే ఉండిపోయింది. ఇప్పుడు మీరూ నేనూ రెండు మైళ్లు ఎక్కుతున్నది అందుకే.

ముద్దలింగాచారి సిగ్గుపడి, కూలి లేకుండా కదిరన్న విగ్రహం చెక్కాడు. ఎత్తు కేతమ్మ బద్ద ప్రకారమే పెట్టాడు గాని, వీరుడు మరీ పొట్టిగా కనబడతాడని జాలిపడి, తలపాగా పేరుతో ఆరు వేళ్లు, పీఠం పేరుతో ఇంకో జానెడు కలిపాడు. పని ముగించి మిట్టమధ్యాహ్నం బండ నీడన కునుకు తీస్తుండగా కదిరన్న కలలో కనబడ్డాడు. ఆచారిని తిట్టలేదు. "నా పెళ్లాం ఎప్పుడూ నన్ను తల వంచి చూసేది. ఇప్పుడు తలెత్తి చూడాల్సి వస్తోంది. నన్ను దించు నాయనా" అని అడిగాడట.

ఆచారి లేచి తలపాగా చెక్కేశాడు, పీఠం తీయించాడు. నిలువురాయుడు బోడితలతో, నేల మీదే నిలబడి ఉండడానికి కారణం ఇది. ఉలి దెబ్బలు నెత్తి మీద ఇప్పటికీ తడిమి చూడవచ్చు. ఓబుళమ్మ బతికినన్నాళ్లూ రోజూ తల వంచి చూసిందని చెబుతారు.

సిద్ధిరాజు ఏమయ్యాడు? తెలియదు. పారిపోయాడని ఎవరైనా కథ అల్లితే ఈ గుడిలో నోరు మూయిస్తారు. ఎముక దొరకని మనిషి మీద మాట వేయరాదన్నది ఓబుళమ్మ పెట్టిన కట్టుబాటు. చెన్నాజమ్మ తెచ్చిన నాలుగు మూరల బద్ద కూడా ఈ గోడకే ఆనించి ఉండేదట.

ఫాల్గుణ శుద్ధ దశమినాడు కేతమ్మ వంశంవారు పచ్చి వెదురుతో వస్తారు. వచ్చినవారి తొడ కొలిచి, మూడుముప్పాతిక లెక్కన నిలువు బద్ద విరిచి ఇస్తారు. వైద్య కళాశాలల్లో ఇప్పుడు ఇదే పని కొలతల పలక మీద ఎముక పెట్టి చేస్తారు. ఆడవారికి వేరు లెక్క, మగవారికి వేరు లెక్క. చివర కొంచెం అటూ ఇటూ అని రాస్తారు. తెలిసినవారు అలాగే రాస్తారు.

ఇంట్లో మనిషి తప్పిపోయినవారు ఈ తిరునాళ్లకు ఎక్కువగా వస్తారు. వారి దగ్గర తొడ ఉండదు, గుర్తు ఉంటుంది. నా గడ్డం దాకా, దూలానికి బెత్తెడు కింద, భుజం మీద చెయ్యి వేస్తే ఇక్కడికి అని గాలిలో చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ చేతి కిందికి బద్ద నిలబెట్టి విరుస్తారు. అటువంటివారితో బద్ద పట్టిన కేతమ్మ వంశపు కోడలు ఒక్కటే మాట చెబుతుంది: చెయ్యి దించకమ్మా, నేను కొలిచేదాకా అలాగే పట్టుకో.

పోయినవారు తిరిగి వస్తారని ఇక్కడ ఎవరూ వాగ్దానం చేయరు. ఏ రూపాన దొరికినా వారు వారుగానే గుర్తింపబడతారు, ఇంకొకరి పేరుతో పూడ్చబడరు. నిలువురాయుడు ఇచ్చే వరం అదే.